జార్జ్ ఓమ్: తాళాలు చేసే ఇంట్లో పుట్టి కరెంటు లెక్క తేల్చారు.. గుర్తింపు కోసం 14 ఏళ్లు ఆగారు!

ఫ్యాన్, బల్బు, గీజర్.. ఏది ఆన్ చేసినా వెనుక ఒక లెక్క ఉంటుంది. ఎన్ని వోల్టులిస్తే ఎంత కరెంటు పారుతుంది? దీన్ని తేల్చింది ఓ స్కూల్ మాస్టారు. పేరు జార్జ్ సైమన్ ఓమ్. పదో తరగతి పిల్లలు ఇప్పుడు ఒక్క లైన్‌లో రాసేసే ఆ సూత్రం.. ఆయనకు మాత్రం కష్టాలే తెచ్చింది.

1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఓమ్ పుట్టారు. తండ్రి తాళాలు తయారు చేసేవారు. పెద్ద చదువులు లేకపోయినా సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుకులకు ఇంట్లోనే పాఠాలు చెప్పారు. యూనివర్సిటీలో చేరిన ఓమ్ డ్యాన్సులు, స్కేటింగ్, బిలియర్డ్స్ అంటూ తిరగడంతో తండ్రికి కోపమొచ్చింది. చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశారు. అక్కడ టీచర్‌గా పని చేస్తూనే ఓమ్ లెక్కలపై పట్టు సాధించారు. తిరిగొచ్చి 1811లో డాక్టరేట్ అందుకున్నారు.

స్కూల్ ల్యాబ్‌లోనే ప్రయోగాలు

1817లో కొలోన్‌లోని ఓ హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ టీచర్‌గా చేరారు. అక్కడి ల్యాబ్‌లోనే ప్రయోగాలు మొదలుపెట్టారు. అయితే ఆనాటి బ్యాటరీలతో పెద్ద చిక్కొచ్చింది. కొలిచేలోపే కరెంటు తగ్గిపోయేది. దాంతో పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాతో దారి మార్చారు. రాగి, బిస్మత్ లోహాలను అతికి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచారు. ఆ వేడి తేడా వల్ల కరెంటు నిలకడగా వచ్చింది. వేర్వేరు పొడవుల రాగి తీగలు కలిపి, అయస్కాంత సూది ఎంత కదులుతుందో కొలిచారు. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు తగ్గింది. తీగ కరెంటును అడ్డుకుంటోందన్నమాట. అదే నిరోధం.

మన ఇంట్లో లెక్క ఇలా..

ఇప్పటి భాషలో చెప్పాలంటే.. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 వోల్టులపై నడిచే గీజర్ 10 ఆంపియర్లు తీసుకుంటే, దాని నిరోధం 23 ఓమ్‌లు. అదే వోల్టేజీని, కరెంటును గుణిస్తే పవర్.. 2,300 వాట్లు. గంట వాడితే 2.3 యూనిట్లు. మరి వోల్టేజీ సగానికి, అంటే 115కి పడిపోతే? నిరోధం మారదనుకుంటే కరెంటు 5 ఆంపియర్లే. పవర్ 575 వాట్లే. సగం కాదు.. నాలుగో వంతు! లో వోల్టేజీలో నీళ్లు ఓ పట్టాన వేడెక్కనిది ఇందుకే.

పుస్తకం రాస్తే పట్టించుకోలేదు

1827లో బెర్లిన్‌లో ఓమ్ తన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చారు. యూనివర్సిటీ పోస్టు వస్తుందని ఆశపడ్డారు. కానీ జర్మనీ పండితులు పెద్దగా పట్టించుకోలేదు. మనస్తాపంతో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరేదాకా సరైన కొలువే దొరకలేదు.

చివరికి గుర్తింపు బయటి దేశం నుంచి వచ్చింది. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కాప్లీ మెడల్ ఇచ్చింది. కోరుకున్న ప్రొఫెసర్ పోస్టు మ్యూనిక్ యూనివర్సిటీలో 1852లో దక్కింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. రెండేళ్లకే, 1854 జులై 6న కన్నుమూశారు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రికల్ కాంగ్రెస్ నిరోధానికి కొలమానంగా ఓమ్ పేరునే ఖాయం చేసింది. అది చూడటానికి మాత్రం ఆయన లేరు.