కొలంబియా దారి ఒక్కరి ప్రతిభతో పడలేదు

ఏటా ఏప్రిల్ 14న శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖని దాకా బొగ్గుగనుల ప్రాంతమంతటా అంబేద్కర్ విగ్రహాలకు పూలదండలు పడతాయి. వక్తలు ఆయన డిగ్రీల జాబితా చదువుతారు. ఆ చదువుకు డబ్బు ఎవరిచ్చారు, దారి ఎవరు చూపారు, మధ్యలో ఎందుకు ఆగింది అన్న సంగతులు మాత్రం ప్రస్తావనకు రావు. విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకునే గని కార్మికుల పిల్లలకు కొన్నేళ్లుగా సాయపడుతున్న నాకు, జాబితా కన్నా ఈ సంగతులే ఎక్కువ అవసరమనిపిస్తుంది.

1907లో భీమరావు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. తండ్రి రాంజీకి కొడుకును చదివించాలన్న పట్టుదల ఉంది గానీ ఆ ఖర్చును చివరిదాకా భరించే స్తోమత లేదు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఆ యువకుణ్ణి బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దృష్టికి తీసుకెళ్లారు. నెలకు 25 రూపాయల ఉపకారవేతనం దొరికింది. 1912లో బి.ఎ. పూర్తయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. ఆ జూన్‌లో, తిరిగి వచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానన్న ఒప్పందంపై సంతకం చేసి, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల ఉపకారవేతనంతో ఆయన న్యూయార్క్ బయలుదేరారు.

కొలంబియాలో ఆయన ఆకలితో చదివారు. ఆ ఆకలి రెండు రకాలది. వచ్చే డబ్బులో కొంత ఇంటికి పంపేవారు. మిగిలినదానిలో తిండి తగ్గించి పాత పుస్తకాలు కొనేవారు. ఆర్థికశాస్త్రంతో సరిపెట్టుకోకుండా చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతులకూ వెళ్లారు. జాన్ డ్యూయీ, ఎడ్విన్ సెలిగ్మన్ వంటివారు ఆయన గురువులు. 1915లో ఎం.ఎ. పట్టా వచ్చింది. 1916 మే నెలలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక, విస్తరణల మీద పత్రం సమర్పించారు. కుల నిర్మూలన కోసం ఆయన తర్వాత చేసిన మేధోకృషికి బీజం ఆ తరగతి గదిలో పడింది.

అక్కడి నుంచి లండన్ వెళ్లి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవాద చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో ఉపకారవేతనం గడువు ముగిసింది. చదువు సగంలో వదిలి వెనక్కి రావలసి వచ్చింది. ఆయన సామాను, పుస్తకాలు వేరే ఓడలో వస్తూ సముద్రం పాలయ్యాయి. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే అక్కడి బంట్రోతులు ఆయన బల్ల మీదికి ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. కులం దాచి పార్సీ సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ తరిమేశారు. కొలంబియా పట్టా కులాన్ని చెరపలేదు.

లండన్ చదువు కొనసాగించడానికి విశ్వవిద్యాలయం నాలుగేళ్ల గడువు ఇచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యుడిగా చేరి జీతంలో పొదుపు చేశారు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం, కొలంబియాలో తోడున్న పార్సీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్ చేరారు. సెలిగ్మన్ అక్కడి ఆచార్యుడికి పరిచయ లేఖ రాశారు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. వచ్చాయి. కొలంబియా పిహెచ్.డి. పట్టా 1927లో గానీ చేతికి రాలేదు. ఒక గడువు ముగిసినందుకు ఆయన చెల్లించిన మూల్యం మూడేళ్లు.

దయ ఎంత గొప్పదైనా దానికి గడువుంటుందని ఆయన అనుభవం నేర్పింది. అందుకే 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు కాగానే, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల ఉన్నత విద్యకు ప్రభుత్వ నిధి కావాలని పట్టుబట్టారు. మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. కొందరు విదేశాలకు వెళ్లి చదివారు. అదే పదవిలో ఉండగా 1943లో ధన్‌బాద్ బొగ్గుగనిలోకి దిగి కార్మికుల స్థితి చూశారు. మరుసటి ఏడాది గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. గనినీ, విశ్వవిద్యాలయాన్నీ ఒకే బాధ్యతగా చూసిన మనిషి ఆయన. రాజు ఇచ్చిన కానుకను రాజ్యం తీర్చవలసిన బాకీగా మార్చారు. బలహీన వర్గాల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెప్పే రాజ్యాంగ 46వ అధికరణం వెనుక ఉన్న దృష్టి కూడా ఇదే.

ఆ బాకీ నేడు ఎలా తీరుతోంది? తెలంగాణలో ఆయన పేరుతోనే ఉన్న ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. కానీ తొలి విడత, విద్యార్థి విదేశంలో దిగిన ఆధారం చూపాకే. వీసాకు చూపవలసిన సొమ్ము, తొలి ఫీజు ముందే కావాలి. తాకట్టుకు సెంటు భూమి లేని కుటుంబం ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదన్న నిబంధన మరొకటి. సింగరేణిలో పర్మనెంట్ కార్మికులు చాలామంది ఆ గీత దాటినవారే. వాళ్ల పిల్లలకు నిధి అందదు, సొంత డబ్బూ చాలదు. మిగిలేది కన్సల్టెన్సీ చూపిన కాలేజీ, వడ్డీ అప్పు.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి ఇంకా విచిత్రం. 2022లో దాని మార్గదర్శకాల నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై పరిశోధనాంశాలను తొలగించారు. అంటే ఈ ఉపకారవేతనంతో కులాల పుట్టుక మీద పరిశోధనకు వెళ్తానంటే నాటి అంబేద్కర్‌కు సైతం అర్హత ఉండదు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు వచ్చాయి. మిగిలినవారిని నిధుల లభ్యతకు వదిలేశారు. 1917 నాటి గడువు నేటికీ వెంటాడుతోంది.

శ్రీరాంపూర్ పిల్లలకు ప్రతిభ కొరత లేదు. మంచి విశ్వవిద్యాలయం ఏదో చెప్పే కేలూస్కర్ లేడు, పరిచయ లేఖ రాసే సెలిగ్మన్ లేడు. ఆ కొరత తీర్చడం రాజ్యం పని. తొలి విడత ప్రయాణానికి ముందే ఇవ్వాలి. ఆదాయ పరిమితిని నేటి జీతాలకు తగినట్టు సవరించాలి. పరిశోధనాంశంపై ఆంక్ష ఎత్తేయాలి. ప్రతి గని ఏరియాలో, దరఖాస్తు మొదలు వీసా దాకా ఉచితంగా దారి చూపే కేంద్రాన్ని సింగరేణి యాజమాన్యం నడపాలి. పూలదండ వేసే చేతులు ఈ నాలుగు కోర్కెలనూ అడగాలి.