గన్నమనాయకుడు

ఉత్తరదేశపు సేనలు ఓరుగంటిపైకి వచ్చునపుడు గోదావరి కిరుగడల నున్న సీమలే మొదటి దెబ్బ తినెడివి. 1309లో మాలిక్ కాఫరు దండు త్రోవలో ఒక దుర్గమును ముట్టడించెను. అది ఆదిలాబాదు సీమలోని సిర్పూరని చరిత్రకారుల తలంపు. కోట నిలువదని తెలిసి లోపలి స్త్రీలు అగ్నిప్రవేశము చేసిరి. మరుసటి యేడు ప్రతాపరుద్రుడు కప్పము నొప్పుకొని సంధి చేసికొనెను.

ఆ కష్టకాలమున కాకతీయుల కొలువులో నున్న ప్రముఖులలో గన్నమనాయకు డొకడు. తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణమును ఇతనికే అంకితమిచ్చెను. ఓరుగల్లు కోట రక్షణభారము ఇతనిదే.

1323లో ఉలుగ్ ఖాను కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపగా, ఆ రాజు త్రోవలోనే మరణించెను. గన్నమ మాత్రము ఢిల్లీ చేరి, ఇస్లాము స్వీకరించి, మక్బూల్ అను పేరు పొందెను. ప్రాణభీతియో, రాజు లేని రాజ్యముపై నిరాశయో, కారణ మేదైనను తన ప్రభువును చెరపట్టినవారినే ఆయన కొలువవలసి వచ్చెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించినపుడు వాల్తియాఫ్ అను ఆంగ్ల ప్రభువును ఇట్లే విజేతకు లొంగెను. కాని పదియేండ్లకే ఆతని శిరస్సు తెగిపడెను. గన్నమ గతి వేరు.

ఆయనకు చదువను వ్రాయను రాదని పారసీక చరిత్రకారుడు అఫీఫ్ వ్రాసెను. కావ్యమును అంకితమందినవానికి రానిది పారసీకపు వ్రాత మాత్రమే కాబోలు! బుద్ధిబలముచే ముల్తాను పాలకుడై, పిదప ఉపమంత్రియయ్యెను. సుల్తాను ఆయనను తెలుగుదేశమునకే అధికారిగా పంపెను. 1336 ప్రాంతమున కాపయనాయకుడు తిరుగబడి ఓరుగంటిని విడిపించెను. ఒకనాడు తాను కాచిన కోటనుండి మక్బూల్ ఢిల్లీకి పారిపోవలసి వచ్చెను. ఆయన జీవితమున ఇంతకంటె కఠినమైన దిన మొండుండదు.

1351లో మహమ్మదు తుగ్లకు మరణింపగా, ఢిల్లీలోని వజీరు ఒక బాలుని సింహాసన మెక్కించెను. మక్బూల్ రాజధాని విడిచి ఫిరోజు షా పక్షమున చేరెను. ఫిరోజు ఆయనను ఖాన్-ఇ-జహాన్ బిరుదముతో ప్రధానమంత్రిని చేసెను. సింధు దండయాత్రలో సుల్తాను సైన్యముతో కచ్ఛపు ఉప్పుబయలులో చిక్కుకొనెను. ఆరు నెలలు వార్త లేదు. నగరమున కలవరము పుట్టగా, మంత్రి సుల్తాను క్షేమముగా నున్నట్లు ఒక లేఖను కల్పించి ప్రజలకు తెలియజేసెను. అది అసత్యమే; కాని దానివలన ఢిల్లీ నిలిచినది. ఫిరోజు తిరిగివచ్చునప్పటికి రాజ్యము చెక్కుచెదరలేదు.

1368-69 ప్రాంతమున ఆయన మరణించెను. కుమారుడు జూనాన్ షా తండ్రి పదవిని, బిరుదమును పొందెను. ఢిల్లీలో నిజాముద్దీను దర్గా చెంత ఎనిమిది కోణములతో గన్నమ సమాధి నేటికిని ఉన్నది.