ఒక్కసారి చెప్పి ఊరుకున్న సేనాపతి



సర్వీసులో ఉన్నన్నాళ్లు మనలో ప్రతివారికీ ఒకసారైనా ఎదురైన చిక్కు ఒకటుంది. మనకన్నా వయసులో చిన్నవాడు, పనిలో అనుభవం తక్కువవాడు మనకు పై అధికారిగా వస్తాడు. మంచివాడే, చదువుకున్నవాడే. కాని ఒక విషయంలో పొరపాటు చేయబోతున్నాడని మనకు స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు ఏం చేయాలి? ఎదురు చెబితే అవిధేయత. చెప్పకపోతే పని చెడుతుంది. ఈ చిక్కు మన ఆఫీసుల్లో కంటే సైన్యంలో వేయిరెట్లు కఠినం. అక్కడ పొరపాటుకు మూల్యం ప్రాణాలు.

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంపాదకులు కోరగానే నాకు రష్యా సేనాపతి మిఖాయిల్ కుతుజోవ్ గుర్తుకు వచ్చాడు. టాల్‌స్టాయ్ నవల యుద్ధము–శాంతి చదివిన వారికి ఈ ఒంటికన్ను వృద్ధుడు పరిచితుడే. నేను ఇక్కడ చెప్పదలచింది నవలలోని కుతుజోవ్‌ను గురించి కాదు, చరిత్రలోని మనిషిని గురించి.

కుతుజోవ్ 1745లో జన్మించాడు. తండ్రి సైన్యంలో ఇంజనీరు. కొడుకు కూడా ఫిరంగి, ఇంజనీరింగు విద్యలు నేర్చి చిన్న వయసులోనే సైన్యంలో చేరాడు. 1774లో క్రిమియాలో టర్కీ సేనతో పోరాడుతుండగా తుపాకి గుండు ఎడమ కణత గుండా దూరి కుడి కంటి దగ్గర బయటికి వచ్చింది. బతకడమే వింత అనుకున్నారు. 1788లో ఒచాకోవ్ కోట ముట్టడిలో మళ్లీ తలకే గాయం. మళ్లీ బతికాడు. 1790లో మహాసేనాని సువోరోవ్ కింద ఇజ్మాయిల్ కోట మీద దాడిలో ఒక దళాన్ని నడిపించాడు. తరువాత కాన్‌స్టాంటినోపుల్‌లో రాయబారిగా, సైనిక విద్యార్థుల పాఠశాలకు అధిపతిగా పనిచేశాడు. యుద్ధమూ రాయబారమూ రెండూ తెలిసినవాడు.

ఆయనలో ఒక బలహీనత కూడా ఉంది. పెద్దల దగ్గర మెలగడంలో ఆయన అతి మెత్తన. కాథరీన్ మహారాణి అనుగ్రహం పొందిన యువకుడు జుబోవ్‌కు పొద్దున్నే వెళ్లి స్వయంగా టర్కీ కాఫీ కాచి ఇచ్చేవాడని ఆనాటివారు రాశారు. శత్రువు ముందు వంగని నడుము దర్బారులో వంగేది.

1801లో అలెగ్జాండర్ చక్రవర్తి అయ్యాడు. మరుసటి ఏడే కుతుజోవ్‌ను పీటర్స్‌బర్గ్ గవర్నరు పదవి నుంచి తప్పించాడు. మూడేళ్లు పల్లెలో ఎస్టేటు చూసుకుంటూ గడిపిన కుతుజోవ్‌ను 1805లో మళ్లీ పిలిచారు. నెపోలియన్ మీద ఆస్ట్రియాకు సాయంగా వెళ్లే సైన్యానికి ఆయనే నాయకుడు. తీరా చేరేసరికి ఉల్మ్ దగ్గర ఆస్ట్రియా సేన లొంగిపోయింది. కుతుజోవ్ తొందరపడక, వెంటాడుతున్న ఫ్రెంచివారితో అక్కడక్కడ పోరాడుతూ, సైన్యాన్ని చెదరనీయకుండా వందల కిలోమీటర్లు వెనక్కి తెచ్చాడు.

ఓల్ముట్జ్ దగ్గరికి చక్రవర్తి స్వయంగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. పెద్ద యుద్ధం ఒక్కటీ నడిపి ఎరుగడు. కుతుజోవ్‌కు 60 ఏళ్లు. ఇంకొంత వెనక్కి తగ్గుదాం, రావలసిన సేనలు రానిద్దాం అన్నది కుతుజోవ్ అభిప్రాయం. వెంటనే తలపడాలన్నది చక్రవర్తి చుట్టూ ఉన్న యువకుల ఉబలాటం. చక్రవర్తి వారి మాటే విన్నాడు. కుతుజోవ్ తన అభిప్రాయం చెప్పాడు గాని గట్టిగా నిలబడలేదు. యుద్ధం వద్దని చక్రవర్తికి నచ్చజెప్పమని రాజగృహ వ్యవహారాలు చూసే ఒక ప్రభువును బతిమాలాడట. తన పని వంటలు చూడడం, యుద్ధం చూడడం కాదని ఆయన తప్పించుకున్నాడట. ముఖాముఖి చెప్పవలసిన మాటను పరాయి నోటితో చెప్పించబోతే అది ఎక్కడికి చేరుతుంది? ఆస్ట్రియా అధికారి వైరోథర్ యుద్ధ ప్రణాళిక చదువుతుంటే ఆ రాత్రి కుతుజోవ్ కునుకు తీశాడని కూడా చెబుతారు.

1805 డిసెంబరు 2న ఆస్టర్‌లిట్జ్ యుద్ధం. ప్రాట్జెన్ గుట్ట యుద్ధభూమికంతటికీ కీలకం. దాన్ని వదలడం ఇష్టం లేక కుతుజోవ్ అక్కడి దళాన్ని కదపకుండా ఉంచాడు. చక్రవర్తి వచ్చి ఎందుకు ఆగారని అడిగాడు. దళాలన్నీ కూడేదాకా ఆగానని కుతుజోవ్ జవాబిచ్చాడు. ఇది రాజధానిలో కవాతు మైదానం కాదు గదా, అందరూ వచ్చేదాకా ఆగడానికి అని చక్రవర్తి ఎత్తిపొడిచాడు. కవాతు కాదు గనుకనే ఆగానని కుతుజోవ్ అన్నాడు. అంతే. మరుక్షణం కదలమని ఆజ్ఞ ఇచ్చాడు. దళం గుట్ట దిగింది. కింద పొగమంచులో పొంచి ఉన్న ఫ్రెంచి సేన గుట్ట ఎక్కింది. సాయంత్రానికి రష్యా, ఆస్ట్రియా సేనలు పాతిక వేలమందికి పైగా పోగొట్టుకున్నాయి. కుతుజోవ్ చెంపకు గాయమైంది. ఆయన అల్లుడు ఆ యుద్ధానికి బలయ్యాడు.

చాలా ఏళ్ల తరువాత అలెగ్జాండర్ ఆ రోజును తలచుకొని ఒక మాట అన్నాడని చరిత్రకారులు రాశారు. అప్పుడు తాను చిన్నవాడు, అనుభవం లేనివాడు; వేరేగా చేయాలని కుతుజోవ్ చెప్పిన మాట నిజమే గాని, ఆయన ఇంకా గట్టిగా పట్టుపట్టి ఉండవలసింది అన్నది దాని సారాంశం. మొదట చదివినప్పుడు చక్రవర్తి తప్పు ముసలాయన మీదికి నెడుతున్నాడనిపించింది. తరువాత నా సంగతి గుర్తుకు వచ్చి నోరు మూసుకున్నాను.

1984లో నేను ఒక జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటును. కొత్తగా వచ్చిన ఆఫీసరు గారికి మా పెద్దబ్బాయి కన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. చురుకైనవారు. రికార్డు రూము ఖాళీ చేసి, సర్వీసు రిజిస్టర్లన్నీ కింది అంతస్తులో వెనక గదికి మార్చమన్నారు. ఆ గది పక్కనే కాలువ. వానాకాలం నీళ్లు వస్తాయని నాకు తెలుసు. నసుగుతూ ఒకసారి చెప్పాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా ఫరవాలేదన్నారు. నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, తెలిసొస్తుందిలే అని లోపల కొంచెం కసి కూడా ఉంది. ఆగస్టులో నీళ్లు వచ్చాయి. రెండు బీరువాల్లో కింది అరలు నానిపోయాయి. వాటిలో ఒకటి, అంతకు నెల ముందే చనిపోయిన మా అటెండరు సర్వీసు రిజిస్టరు. ఎంట్రీలు చెరిగిపోయి, మళ్లీ ఋజువులు తెప్పించి, ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను వచ్చేసరికి పది నెలలు పట్టింది. ఆవిడ వచ్చి వరండాలో బల్లమీద కూర్చునేది, నన్ను ఏమీ అనేది కాదు. నీళ్ల సంగతి తెలిసి కూడా ఒక నోట్ ఎందుకు పెట్టలేదని ఆఫీసరు గారు నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మౌనం అర్ధాంగీకారమంటారు. నాది పూర్తి అంగీకారమే అయింది.

ఇక కుతుజోవ్ సంగతి. ఆస్టర్‌లిట్జ్ తరువాత చక్రవర్తి ఆయనను దూరం పెట్టాడు. కీవ్, విల్నాలలో గవర్నరు ఉద్యోగాలు ఇచ్చాడు. 1811లో టర్కీ యుద్ధం చిక్కుపడితే మళ్లీ కుతుజోవ్ కావలసి వచ్చాడు. ఆయన టర్కీ సేనను డాన్యూబు ఒడ్డున చుట్టుముట్టి, 1812 మేలో సంధి కుదిర్చాడు. నెల తిరిగేసరికి నెపోలియన్ రష్యా మీద పడ్డాడు. చక్రవర్తికి మనసు లేకపోయినా, జనం కోరిక మీద ఆగస్టులో కుతుజోవ్‌నే సర్వసేనానిగా నియమించాడు.

ఈసారి కుతుజోవ్ వేరే మనిషి. సెప్టెంబరు 7న బొరొదినో దగ్గర ఘోర యుద్ధం చేశాడు. 13న ఫిలీ గ్రామంలో, ఒక రైతు ఇంట్లో సేనానులను సమావేశపరచి, వారి వాదాలు విని, మాస్కో వదిలిపెట్టాలని తానే నిర్ణయించాడు. చక్రవర్తికి ఇది పిడుగులాంటి వార్త అని తెలుసు. దాచలేదు, ఇతరుల మీదికి నెట్టలేదు. సైన్యం బతికి ఉన్నంతవరకు రాజ్యం పోలేదని, తూలాలోని ఆయుధ కర్మాగారాన్నీ, పంటలు పండే దక్షిణ జిల్లాలనూ కాపాడే చోటికి సైన్యాన్ని మారుస్తున్నానని కారణాలతో నివేదిక పంపాడు. మాస్కో పోగొట్టినందుకు దేశానికి సంజాయిషీ చెప్పుకోవలసి ఉందని చక్రవర్తి కటువుగా రాశాడు. కుతుజోవ్ మర్యాద తప్పలేదు, మాటా మార్చలేదు. తరుతినో శిబిరంలో సైన్యానికి తిండి, బట్ట, గుర్రాలు సమకూర్చుకుంటూ ఆగాడు. అక్టోబరు 19న నెపోలియన్ తనంతట తానే మాస్కో వదిలాడు. మలోయరోస్లావెట్స్ దగ్గర దక్షిణానికి దారి దొరకక, వచ్చిన దారినే, ఆకలితో చలితో వెనుదిరిగాడు. డిసెంబరులో విల్నాకు వచ్చిన చక్రవర్తి తన అసంతృప్తిని దిగమింగి, కుతుజోవ్‌కు సెయింట్ జార్జి మొదటి తరగతి పతకం ఇచ్చాడు.

మూడోసారి కూడా భేదం వచ్చింది. నెపోలియన్‌ను యూరపులోకి వెంటాడాలన్నాడు చక్రవర్తి. శత్రువు దేశం దాటాడు, మన సైన్యం అలసిపోయింది, చాలన్నాడు కుతుజోవ్. చక్రవర్తి ఒప్పుకోలేదు. ఈసారి కుతుజోవ్ పక్కకు తప్పుకోలేదు, పని చెడగొట్టలేదు. 67 ఏళ్ల వయసులో, జబ్బు శరీరంతో, సైన్యంతోపాటు నడిచాడు. 1813 ఏప్రిల్ 28న బున్‌జ్లావ్‌లో మరణించాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. పీటర్స్‌బర్గ్‌లో కజాన్ ప్రార్థనాలయంలో సమాధి చేశారు.

మూడుసార్లూ ఆయన పై అధికారిని గౌరవించాడు. మొదటిసారి ఆ గౌరవం మొహమాటమైంది, వేలమంది బలి అయ్యారు. రెండోసారి కారణాలు కాగితం మీద పెట్టి బాధ్యత తన నెత్తిన వేసుకున్నాడు. మూడోసారి చెప్పవలసింది చెప్పి, ఇచ్చిన ఆజ్ఞను మనస్ఫూర్తిగా పాటించాడు. చిన్నవాడైన అధికారి తల ఊపాలని కాదు, తన పేరు నిలవాలని కాదు. పని చెడకూడదని చెప్పే మాటకు మర్యాదా ఉంటుంది, బలమూ ఉంటుంది.

మన పిల్లలూ మనవలూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల మీద వాళ్లకన్నా చిన్నవాళ్లు అధికారులుగా వస్తున్నారు. నేను ఆ వర్షాకాలం తరువాత రిటైరయ్యేదాకా, అనుమానం ఉన్న ప్రతి విషయం మీదా నాలుగు పంక్తుల నోట్ పెట్టేవాణ్ని. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని కొట్టేశారు. కొట్టేసినవి కూడా శ్రద్ధగానే అమలు చేశాను. వరండాలో బల్లమీద మరొకరు అలా కూర్చోకూడదన్నదొక్కటే నా కోరిక.