కీర్తిశేషులు ఎ.ఎస్.రావు గారు

మన సభ్యుల్లో పిల్లల ఉద్యోగాల వల్ల హైదరాబాదు రాకపోకలు ఉన్నవారికి ఎ.ఎస్.రావు నగర్ తెలియకుండా ఉండదు. కొందరి చిరునామా ఇప్పుడు అదే. కానీ ఆ రావు గారు ఎవరని అడిగితే చాలామంది తడబడతారు. రాజకీయ నాయకుడేమోనని అనుకునేవారూ ఉన్నారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మనవలెనే ప్రభుత్వ సేవలో తల పండించుకున్న ఉద్యోగి. ఈ ప్రత్యేక సంచికలో ఆయనను స్మరించుకోవడం ఉచితమని భావించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. అల్లూరి సీతారామరాజు గారి పేరుతో ముడిపడిన ఊరు అది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్ళు పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్పు పొంది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పటికి ఆయన ముప్పయి దాటినవారు. ఆ వయస్సులో మనం ఇంక్రిమెంట్లు, బదిలీలు లెక్క వేసుకుంటూ ఉండేవాళ్ళం. ఆయన పాఠం చెప్పే కుర్చీ వదిలి మళ్ళీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నారు. ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ పుచ్చుకుని స్వదేశానికి తిరిగి వచ్చారు.

బొంబాయిలో హోమీ భాభా గారు 1945లో నెలకొల్పిన టాటా పరిశోధన సంస్థ అప్పుడప్పుడే కాళ్ళూనుకుంటున్నది. రావు గారు అక్కడ చేరి పరికరాల పని మొదలుపెట్టారు. పరిశోధన సంస్థలో డిజైన్ ఇంజనీరు పని ఏమిటో మన కుటుంబాల్లోని పిల్లల కోసం కొంచెం చెప్పవలసి ఉంది. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలను లెక్కించాలని శాస్త్రజ్ఞుడు అంటాడు. ఆ కిరణం గొట్టంలో పడినప్పుడు పుట్టే విద్యుత్తు అతి స్వల్పం, క్షణంలో మాయమవుతుంది. దానిని పెద్దది చేయాలి, ఒక్కొక్కటిగా ఎంచాలి, రెండు వస్తే ఒకటిగా పొరబడకూడదు. అందుకు కాగితం మీద సర్క్యూటు గీయాలి, వాల్వులు పెట్టి తీగలు అతకాలి, తప్పు ఎక్కడో వెతకాలి, మళ్ళీ గీయాలి. మన ఆఫీసులో డ్రాఫ్టు పెట్టినవాడి పేరు ఉత్తర్వులో ఎలా కనపడదో, పరిశోధన ఫలితం వెలువడిననాడు పెట్టె చేసినవాడి పేరు కూడా అలాగే కనపడదు.

ఆ రోజుల్లో వాల్వు అయినా, మీటరు అయినా విదేశాల నుంచి రావలసిందే. ఒక్క భాగం చెడిపోతే ఓడ వచ్చేదాకా పని ఆగిపోయేది. కొనుక్కున్న యంత్రం చెడిపోతే మనం నిస్సహాయులం, మన చేత్తో కట్టిన యంత్రమైతే మనమే బాగుచేసుకుంటాం అన్నది రావు గారు జీవితమంతా నమ్మిన సూత్రం.

దానికి మొదటి పెద్ద పరీక్ష అప్సర రియాక్టరు. ట్రాంబేలో అణుశక్తి సంస్థ 1954లో ఏర్పడింది. రియాక్టరుకు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలు మాత్రం రావు గారి బృందం ఇక్కడే తయారుచేసింది. రియాక్టరులో న్యూట్రాన్ల సంఖ్య రెప్పపాటులో పెరిగిపోగలదు. దానిని ఎడతెగకుండా కనిపెట్టి, హద్దు మీరితే అదుపు కడ్డీలు దిగి చర్య ఆగిపోయేలా చేయాలి. కరెంటు పోయినా, తీగ తెగినా సరే, రియాక్టరు తనంతట తాను ఆగిపోవాలి. ఇక్కడ సర్క్యూటు తప్పితే పోయేది మనుషుల ప్రాణాలు. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలైంది. సోవియట్ దేశాన్ని మినహాయిస్తే ఆసియాలో అదే మొదటి రియాక్టరు.

1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి. 1962 చైనా యుద్ధం తరువాత మన ఎలక్ట్రానిక్స్ వెనుకబాటు అందరికీ తెలిసివచ్చింది. దానిపై ప్రభుత్వం 1963లో నియమించిన భాభా కమిటీ పనిలో రావు గారు పాలుపంచుకున్నారు. 1966 జనవరి 24న భాభా గారు విమాన ప్రమాదంలో మరణించారు. మరుసటి ఏడు, 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, ఆవిర్భవించింది. దానిని పెంచి పెద్దచేసినవారు రావు గారే. 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు అక్కడ తయారైంది.

ఆ సంస్థ సరుకు మన ఊళ్ళకు కూడా వచ్చింది. ఈసీ టీవీ మన తరానికి గుర్తుండే ఉంటుంది. ఓటింగు యంత్రం నమూనాను ఈసీఐఎల్ 1979లో రూపొందించింది. 2004 ఎన్నికల్లో దేశమంతటా యంత్రాలు పెట్టినప్పుడు, బ్యాలెట్ పెట్టెలు మోసి, లక్క సీళ్ళు వేసి అలసిపోయిన మనలాంటి పోలింగు సిబ్బందికి ఎంత శ్రమ తగ్గిందో చెప్పనక్కరలేదు.

మన పులివెందుల ప్రాంతానికి మరొక సంబంధం ఉంది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చింది. ఖనిజం వెతికేవాడి చేతిలో ఉండేది రేడియేషన్ ఎంచే పెట్టె. అటువంటి పరికరాలు ట్రాంబేలోనూ, తరువాత ఈసీఐఎల్‌లోనూ తయారయ్యాయి. గని పక్క పల్లెల రైతులు తమ బావి నీళ్ళ గురించి ఆందోళన వెలిబుచ్చారు. వారి సందేహం తీరాలంటే నీటికి నమ్మకమైన పరీక్ష జరగాలి, వచ్చిన అంకె వారికి తెలియాలి. కొలిచే పరికరం నిజం చెప్పాలని ఒక ఇంజనీరు పడే పాట్లకు అర్థం అక్కడ తెలుస్తుంది.

2003 అక్టోబరు 31న రావు గారు పరమపదించారు. మన మనవళ్ళు, మనవరాళ్ళు ఇప్పుడు ఏదో ఒక సంస్థలో జూనియర్ ఇంజనీర్లుగా చేరుతున్నారు. చిన్న సర్క్యూటు ఇచ్చారని, పేరు రావడం లేదని ఫోనులో నిట్టూరుస్తుంటారు. ముప్పయి దాటాక మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడ్డ ఈ పెద్దమనిషి సంగతి వారికి తప్పక చెప్పండి. ఆ మహనీయునికి మన సంఘం పక్షాన నివాళి.

– ఒక విశ్రాంత గుమాస్తా, లింగాల