సాక్షి వ్యాసకర్త పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు

వార్తాపత్రిక ఆయుర్దాయము ఒక్క దినము. ప్రొద్దున ఆసక్తితో విప్పిన కాగితము మఱునాటికి కోమటి కొట్టులో పొట్లమగును. అట్టి కాగితముపై వ్రాసిన వ్రాతలు నూఱేండ్లు దాటి నిలుచుట అరుదు. మన భాషలో ఆ భాగ్యము పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి సాక్షి వ్యాసములకు లభించినది. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున ఆయన చరిత్రను స్మరించుట ఉచితము.

పానుగంటివారు 1865వ సంవత్సరమున రాజమహేంద్రవర ప్రాంతమందలి సీతానగరమున జన్మించిరి. బి.ఏ. పరీక్షయందు కృతార్థులై పెద్దాపురము ఉన్నత పాఠశాలలో కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండిరి. పిదప శ్రీకాకుళ ప్రాంతమందలి ఉర్లాము, తుంగభద్రా తీరమందలి ఆనెగొంది మొదలగు సంస్థానములలో దివానుగిరీ నిర్వహించిరి. తుదకు పిఠాపురము చేరి, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకులైన మహారాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావుగారి ఆదరమునకు పాత్రులై ఆస్థానకవిగా వెలసిరి. దివాను కచేరీకి శిస్తులు, వ్యాజ్యములు, అర్జీలు మాత్రమే కాక ముఖస్తుతులును చాడీలును గూడ వచ్చును. మానవ స్వభావమును చదువుకొనుటకు అంతకంటె మంచి పాఠశాల వేఱొకటి కలదా?

ఆయన మొదట నాటకకర్తగా ప్రసిద్ధులైరి. రాధాకృష్ణ, పాదుకాపట్టాభిషేకము, కంఠాభరణము, వృద్ధవివాహము మున్నగు నాటకములు రచించి, అభిమానులచే ఆంధ్ర షేక్స్పియరు అని కొనియాడబడిరి. అయినను నేడు ఆయన పేరు చెప్పగనే జనులకు స్ఫురించునది నాటకము కాదు, సాక్షియే.

ఇంగ్లండు దేశమున 1711లో అడిసన్, స్టీలు అను మిత్రులిద్దఱు స్పెక్టేటరు అను పత్రికను స్థాపించి, ఒక కల్పిత సంఘమువారి సంభాషణల మిషతో లోకుల నడవడిని విమర్శించిరి. పానుగంటివారు ఆ పద్ధతిని గ్రహించి తెలుగుగడ్డపై నాటిరి. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యులు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి అను వారితో ఒక సంఘమును కల్పించిరి. సాక్షి మితభాషి, జంఘాలశాస్త్రి నోరు విప్పినచో గోదావరి వఱదయే. ఈ వ్యాసములు తొలుత 1913 ప్రాంతమున సువర్ణలేఖయందును, 1920 తరువాత ఆంధ్రపత్రికయందును వెలువడినవి. ఆ పత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గ్రంథాలయోద్యమమునకు పెట్టనికోట యని మన చందాదారులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మాతృభాషలో మాటాడలేమని సభలో చెప్పుకొనుట గొప్ప యనుకొను ఆంగ్ల విద్యావంతులను స్వభాష అను వ్యాసమున జంఘాలశాస్త్రి చీల్చి చెండాడును. వ్యాసకర్త ఆంగ్లము రాక ఏడ్చినవాడు కాడు. ఆ భాషలో పట్టము పొందినవాడు, ఆ సాహిత్యమునుండియే తన పద్ధతిని తెచ్చుకొన్నవాడు. పరభాషను నేర్చి స్వభాషను పోషింపవచ్చునని ఆయన రచనయే నిరూపించినది. కావుననే ఆ మందలింపునకు బలము కలిగినది.

ఆయన యందు లోపములు లేవనుట సత్యము కాదు. ఒక్క మాట చాలుచోట పది పర్యాయపదములు పేర్చుట ఆయనకు పరిపాటి. పూర్వాచారములపై మక్కువ మిక్కుటమగుటచే సంఘసంస్కర్తల కృషిని పలుమాఱు అపహసించిరి. వీరేశలింగము పంతులుగారు త్రొక్కిన బాట మేలైనదని కాలము తేల్చినది. ఆ విషయమున పానుగంటివారిని అనుసరింపనక్కఱలేదు. కాని దంభమును, సోమరితనమును, ఆత్మవంచనను ఆయన పట్టి చూపిన తీరును మఱువరాదు.

ఆయన 1940లో దివంగతులైరి. ఆయన కొలిచిన సంస్థానములును గతించినవి. సాక్షి సంపుటములు మాత్రము నిలిచియున్నవి.

మన గ్రామములలో దస్తావేజుపై సాక్షి సంతకము చేయించుట వాడుక. సాక్షి యైనవాడు ఇరుపక్షములకు ప్రియము చెప్పుటకు కాదు, చూచినది చెప్పుటకు సంతకము చేయును. పానుగంటివారు ఆ పేరును ఊరక పెట్టుకొనలేదు. మన యువకులు ఆ సంపుటములను తీసికొని చదువుదురు గాక! పొరుగువానిని తలచి నవ్వినంతనే చాలదు. జంఘాలశాస్త్రి తిట్టినది తన్నేమో యని ఒక్కక్షణము యోచించినచో ఆ పఠనము సార్థకమగును.