తాటాకు గ్రంథాలకు ప్రాణం పోసిన బ్రౌన్ దొర

చిలమకూరు, కలమళ్ళ గ్రామాల్లో రేనాటి చోళుల నాటి తెలుగు శాసనాలు రాతిపై చెక్కినవి కావడంతో వెయ్యేళ్లు దాటినా నిలిచాయి. తాటాకుకు అంత ఆయుష్షు లేదు. చెదలకు, పొయ్యికి బలి కాబోయిన తాటాకు గ్రంథాలను కాపాడిన వారిలో ముందు చెప్పుకోవలసినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. తర్వాత ఇక్కడే బంగళా, తోట కొని, పండితులను, లేఖకులను పెట్టుకుని సొంత డబ్బుతో పోషించారు. ఒక్కో కావ్యానికి ఊరూరా దొరికిన ప్రతులు తెప్పించి, కాగితాలపై ఎత్తి రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి చదివించేవారు. తప్పులు దిద్దాకే శుద్ధప్రతి తయారయ్యేది. జీతం చాలక అప్పుల పాలయినా పని ఆపలేదు.

1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు. రెండు వేలకు పైగా రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు.

కడపలో ఆయన బంగళా ఉన్నచోట వెలసిన బ్రౌన్ గ్రంథాలయం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. అక్కడ తాటాకు ప్రతులను భద్రపరుస్తున్నారు. ఇంటి అటకపై పెద్దల నాటి తాటాకు కట్ట ఉన్నవారు దాన్ని పారవేయక, ఒకసారి అక్కడ చూపించడం మేలు.