గిడుగు పంతులు గారి చెవులు

ఆగస్టు 29 వస్తే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తాం, వాడుక భాష మీద నాలుగు మాటలు మాట్లాడతాం, సమోసాలు తింటాం. నాకు మాత్రం పండితులతో ఆయన చేసిన పోట్లాట కన్నా, సవరల మధ్య తిరిగిన ఏళ్లే ఎక్కువ ఇష్టం.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. అక్కడి కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాష తెలుగుకీ చుట్టం కాదు, ఒడియాకీ కాదు. సంతాలీ, ముండారీల కుటుంబం. గొంతులో టక్కున ఆగిపోయే అచ్చులుంటాయి, మన లిపిలో వాటికి గుర్తే లేదు. పంతులు గారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ తర్వాత తనే కొండలెక్కారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు.

మధ్యలో ఎవరూ లేకుండా వినాలన్న ఈ పట్టుదల ఎందుకో మా అమ్మ చెప్పాక నాకు అర్థమైంది. అమ్మ మన్యంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒక సవర ఆవిడ నెలలో మూడుసార్లు వచ్చిందట. డాక్టరు గారికి సవర రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆరో తరగతి చదివే కొడుకే దుబాసీ. మూడుసార్లూ కడుపునొప్పి అనే చెప్పాడు, మూడుసార్లూ అవే మాత్రలు ఇచ్చారు. సెలవు నుంచి వచ్చిన సవర ఆశా కార్యకర్త పిల్లాణ్ణి బయటికి పంపి అడిగితే, ఆగకుండా రక్తం పోతోందని అప్పుడు చెప్పింది. కన్నకొడుకు నోటితో ఆ మాట ఎలా చెప్పిస్తుంది? ఆ రోజే పెద్దాసుపత్రికి పంపారు, బతికింది.

పంతులు గారి కాలంలో ఆ కొండలంటే మలేరియా. జ్వరం తగిలితే క్వినైన్ మింగాల్సిందే. అది మోతాదు మించితే చెవుల్లో హోరు మొదలవుతుంది. ఆయనకి ఏకంగా వినికిడే పోయింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి! అయినా మానలేదు. కొడుకు సీతాపతి గారు కూడా అదే పనిలోకి దిగారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, నిఘంటువులూ వచ్చాయి.

1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేస్తే, ఇష్టంలేక రాజమండ్రి వచ్చేశారు. సవర కొండలు దూరమైపోయాయి. 1940 జనవరి 22న కన్నుమూశారు. చివరి రోజుల్లో కూడా పత్రికల వాళ్లని వాడుక భాషలో రాయమని అడుగుతూనే ఉన్నారు. వాళ్లు ఏం జవాబిచ్చినా ఆయనకి వినపడే వీలు లేదు.